డీలోస్ రాళ్ళ మీద నాయన పాదాలు

డీలోస్ దీవిలో ఆ మధ్యాహ్నం మా తరఫున ఉన్నవాళ్ళు: నేను, నాయన, అమ్మ. పలమనేరు నుంచి వచ్చిన పాడి రైతు, ఆయన భార్య. తిరుపతి నుంచి మమ్మల్నందరినీ వెంటబెట్టుకొచ్చిన టూర్ మేనేజరు. చేతిలో ఎర్ర జెండా పట్టుకున్న గ్రీకు గైడమ్మ. ఇంకా చిత్తూరు, తిరుపతి యాత్రికులు ఒక బస్సెడు మంది. వస్తువులు: నీళ్ళ సీసాలు, గొడుగులు, అమ్మ చేతిసంచిలో పులిహోర డబ్బా, నా భుజాన మందుల సంచి, అందులో ఐసు పొట్లం మధ్య నాయన ఇన్సులిన్. లేనివి కూడా చెప్పాలి. చెట్టు లేదు, పందిరి లేదు, ఆకాశంలో మబ్బు లేదు. మా పెద్ద ఓడ పక్క దీవి దగ్గర లంగరేసి ఉంది. చిన్న పడవలో మమ్మల్ని ఇక్కడికి తెచ్చి దించారు. పడవ దిగేటప్పుడు నాయన కాళ్ళకు షుగర్ వాళ్ళు వేసుకునే మెత్తటి చెప్పులు ఉన్నాయి. అది నేను చూశాను.

మేము ఓడ ఎక్కడానికి కారణం అమ్మ. ఆమె చిత్తూరులో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గ్రీకు నాగరికత పాఠం చెప్పింది. పుస్తకంలో ఆ పాఠానికి ఒకే ఒక్క బొమ్మ, మసిబారిన నలుపు తెలుపుల్లో కొన్ని స్తంభాలు. అవి ఎంత ఎత్తుంటాయని ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల అడిగేదట. అమ్మ మన బడి కన్నా ఎత్తు అని చెప్పి, తర్వాతి పేజీ తిప్పేదట. ఒక్కసారి వాటి పక్కన నిలబడి చూడాలని ఆమె కోరిక. నాయన కొండ మీద గుడి ఉగ్రాణంలో, అంటే ప్రసాదాల సరుకు నిలవ ఉంచే కొట్టులో, ఉద్యోగం చేశాడు. ఆయనకు కొండ తప్ప వేరే ఊరు చూడాలని ఎన్నడూ లేదు. ఉల్లి, వెల్లుల్లి తగలని వంట చేసే మనిషి ఓడలో ఉంటాడని మేనేజరు ఒట్టేసి చెప్పాకే ఒప్పుకున్నాడు. ఓడ మీద కూడా పంచెకట్టు, నామం మారలేదు. భోజనాల హాలులో దొరలు తిరిగి తిరిగి చూస్తే, "సూసుకోనీలే, వాళ్ళకూ యాత్రే కదా" అన్నాడు.

ఓడలో మొదటి రోజులు బాగానే గడిచాయి. డీలోస్ నుంచి కథ మారింది.

గైడమ్మ ఇంగ్లీషులో చెప్పింది, అమ్మ నాయనకు తెలుగులో చెప్పింది. ఇది వాళ్ళ వెలుగు దేవుడు పుట్టిన చోటు. ఎంత పవిత్రమంటే ఈ దీవి మీద ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు. నెలలు నిండిన ఆడవాళ్ళను, కొన ఊపిరితో ఉన్నవాళ్ళను పడవెక్కించి అదిగో ఆ పక్క దీవికి పంపేసేవాళ్ళు.

నాయన ఆగిపోయాడు. "అంటే ఇది క్షేత్రమే అంటావా?"

"క్షేత్రమే. వాళ్ళకు మన కొండ లాంటిది," అంది అమ్మ. టీచరు కదా, పోలిక చెప్పకుండా పాఠం ముగించదు.

పలమనేరాయన చుట్టూ చూశాడు. "ఏం క్షేత్రమప్పా, ఒక్క గడ్డిపోస లేదు. మా ఆవుని ఈడ కట్టేస్తే సాయంత్రానికి నన్ను తింటాది."

"నిన్ను తినేదానికి ఆవుకు రుచి తెలీదనుకుంటివా," అంది ఆయన భార్య. అందరూ నవ్వారు, నాయన కూడా నవ్వాడు.

రాతి సింహాల వరుస దగ్గర అమ్మకు కళ్ళు తిరిగాయి. కూలిన ఇంటి గోడ ఒకటి కాస్త నీడ ఇస్తుంటే అక్కడ కూర్చోబెట్టాను. ఉప్పూ చక్కెర కలిపిన నీళ్ళు తాగించాను, గొడుగు పట్టాను. ఆమె తేరుకునే దాకా అక్కడే ఉన్నాను. నాయన జట్టుతో ఉన్నాడు కదా అనుకున్నాం. మేము వెనక్కి నడిచి వచ్చేసరికి జట్టు చాలా దూరం వెళ్ళిపోయింది. వెలుగు దేవుడి గుడి పునాది దగ్గర ఇద్దరే ఉన్నారు. ఒకరు పలమనేరాయన, పరిచిన రాళ్ళ బాట మొదట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన నాయన చెప్పులు, జత కలిపి, గుడి బయట విడిచినట్టు.

"నేను కాపలా ఉండా," అన్నాడాయన. "సామి లోపలికి పోయినాడు."

లోపల అంటూ ఏమీ లేదు. పునాది రాళ్ళు, విరిగిన స్తంభాల ముక్కలు, ఆ పైన ఎండ. నాయన వాటి చుట్టూ వట్టికాళ్ళతో, చేతులు జోడించి, పెదవులు కదుపుతూ నిదానంగా నడుస్తున్నాడు. కొండ మీద మాడవీధుల్లో ఎలా నడుస్తాడో అలాగే.

నేను పరుగెత్తాను. "నాయనా, చెప్పులేవి? ఆగు."

"మాట్లాడించొద్దురా. ప్రదక్షిణం సగంలో ఉండా."

"మన దేవుడు కాదు కదా ఇది."

"కాదు. నేను మొక్కలేదు. మనుషులు ఇన్నేండ్లు దండం పెట్టిన చోట చెప్పులేసుకుని తిరగలేను, అంతే."

వంగి ఆయన నిలబడిన రాతి మీద అరచేయి పెట్టాను. మూడు లెక్కపెట్టేలోగా తీసేశాను.

"కాలు కాలలేదా?"

"ఏం కాలతాది. దూది మీద నడిచినట్టుండాది. సల్లగా ఉండాది." నాయన ముఖంలో ఆనందం ఉంది. ఓడ ఎక్కినప్పటి నుంచి నేను ఆ ముఖం చూడలేదు. "కొండ మీద కూడా ఇంతే. ఎండాకాలం మాడవీధిలో అందరూ గెంతుకుంటా పోతా ఉంటే నేను నడిచే పోతా. మీ అమ్మనడుగు. కొండ మీదుండే ఆయప్ప నా కాళ్ళ కింద నీళ్ళు పోస్తాడు. ఈడ కూడా పోసినాడు చూడు, ఇంత దూరం వచ్చి."

అమ్మ అప్పటికే మా వెనక నిలబడి ఉంది. తల ఊపింది. ఆమె కూడా నమ్ముతుంది. మా బంధువుల్లో అందరికీ ఈ సంగతి తెలుసు. పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. నేనూ చిన్నగా గర్వపడిన వాణ్ణే.

నా ఉద్యోగం వేడిని కొలిచే సెన్సార్లను పరీక్షించడం. వైరు తెగిన సెన్సారు కూడా తెర మీద ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె చూసి కొలిమి చల్లగా ఉందనుకునేవాడికి చేతులు కాలతాయి. రోజూ కొత్తగా చేరిన వాళ్ళకు ఇది చెప్తాను.

"కాలెత్తు నాయనా. ఒక్కసారి."

"ప్రదక్షిణం అయినాక."

"ఇప్పుడే."

నేను అరిచాననుకుంటాను. దూరంగా ఎవరో తిరిగి చూశారు. నాయన నా భుజం పట్టుకుని ఎడమ కాలు ఎత్తాడు. అరికాలు తెల్లగా ఉబ్బి ఉంది. వేలితో తాకితే, పాల మీద మీగడ జరిగినట్టు, చర్మం నా వేలి కింద జరిగింది. బొటనవేలి కింద పగిలిపోయి లోపలి ఎరుపు కనిపిస్తోంది. రాతి మీద తడి మరక ఉంది. చెమట అనుకున్నాను, కాదు. కుడి కాలు కాస్త నయం.

"నొప్పి ఉందా?"

"లేదంటా ఉండా కదరా."

నడవొద్దన్నాను. బతిమాలాను. సగం ప్రదక్షిణం ఆపితే దోషమని ఆయన, ఇంకో అడుగు వేస్తే పాదం పోతుందని నేను. అమ్మ మధ్యలో నిలబడి, ఎవరి వైపు మాట్లాడాలో తెలియక కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. వాదన ఎటూ తేలేలా లేదు. అప్పుడు పలమనేరాయన చెప్పులు చంకలో పెట్టుకుని వచ్చి నాయన ముందు వీపు తిప్పి కూర్చున్నాడు.

"ఎక్కు సామీ. మిగిలిన సగం నా మీద తిరుగు. గజవాహనం అనుకో."

"వద్దప్పా, బరువు."

"ఈనిన ఆవుని గుంతలోంచి లాగినోడ్ని. నువ్వు దూడంత లేవు. ఎక్కు."

నాయన ఎక్కాడు. ఆ మనిషి నా నాయనను మోస్తూ, వేల ఏళ్ళ నాటి ఆ గుడి పునాది చుట్టూ మిగిలిన సగం తిరిగాడు. నేను గొడుగు పట్టుకుని పక్కన నడిచాను. ఎవరో విదేశీ ఆడవాళ్ళు నవ్వుతూ ఫొటో తీశారు. తండ్రికి సరదా తీరుస్తున్నారనుకుని ఉంటారు. నేను ఆ నడకంతా ఒకటే చూస్తూ ఉన్నాను: నాయన ఎడమ మడమ నుంచి కారుతున్న చుక్కలు పలమనేరాయన తెల్ల చొక్కా మీద పడుతున్నాయి.

రేవులో పడవ లేదు. తర్వాతి పడవ వచ్చే దాకా ఎండలోనే కాచుకున్నాం. మా సీసాల్లో మిగిలిన నీళ్ళు, తోటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన నీళ్ళు, అన్నీ ఆయన పాదాల మీద పోశాను.

"నీళ్ళన్నీ కాళ్ళకు పోసేస్తివి, అమ్మ తాగేదానికేముండాది?" అన్నాడు నాయన.

"నాకొద్దు," అంది అమ్మ. ఆమె స్తంభాల వైపు వీపు పెట్టి కూర్చుంది. మళ్ళీ అటు చూడలేదు.

ఓడ డాక్టరు కుర్రవాడు, నాకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దేమో. చచ్చిన చర్మం కత్తిరించాడు, మందు వేశాడు, షుగర్ చూశాడు. చాలా ఎక్కువ ఉంది. తర్వాత సన్నని నైలాన్ దారం ఒకటి తీసి నాకు చెప్పాడు: మీ నాన్నను కళ్ళు మూసుకోమనండి, తాకినప్పుడల్లా చెప్పమనండి. నాయన బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు, ధ్యానంలో కూర్చున్నట్టు. డాక్టరు ఎడమ బొటనవేలి మీద దారం గుచ్చాడు. వేళ్ళ కింద గుచ్చాడు. మడమ మీద, పక్కన, మళ్ళీ బొటనవేలి మీద. తర్వాత కుడి పాదం. దారం ప్రతిసారీ వంగింది. నాయన ఏమీ అనలేదు. అమ్మ ప్రతి గుచ్చుకూ ఊపిరి బిగబట్టి ఆయన పెదవుల వైపే చూస్తోంది.

డాక్టరు దారం పక్కన పెట్టేశాడు.

"ఎప్పుడు మొదలుపెడతాడంట?" అన్నాడు నాయన, కళ్ళు తెరవకుండానే.

ఓడ దిగి ఇక్కడే ఆసుపత్రిలో చేరమన్నాడు డాక్టరు. ఇలాంటి పాదాన్ని రెండు రోజులు ఓడలో తిప్పడం మంచిది కాదన్నాడు. నేను సరేనన్నాను. మేనేజరు కూడా, "మీరు దిగండి సార్, కాగితాల పని నేను చూసుకుంటా," అన్నాడు. నాయన దిగనన్నాడు.

"నొప్పే లేంది గాయమెట్లా అవుతాదిరా? పైన తోలు ఊడింది, మళ్ళా వస్తాది. భాష తెలీని ఊర్లో, వాళ్ళు పెట్టింది తింటా పడుకోలేను. నన్ను తిరుపతికి తీసకపో. ఆయప్ప నీడలో ఉంటే అన్నీ సర్దుకుంటాయి."

అమ్మ వైపు చూశాను. ఆమె కూడా ఆయన పక్కనే. "తిరుపతిలో మన డాక్టర్లున్నారు కదా," అంది. బలవంతంగా దించే దారి నాకు లేదు. ఒక మనిషిని ఆయన ఇష్టం లేకుండా మంచం మీద నుంచి మోసుకుపోవచ్చేమో గానీ, ఆసుపత్రిలో సంతకం పెట్టించలేం.

ఆ రెండు రోజులూ ఓడ కిటికీలోంచి తెల్లటి దీవులు జరిగిపోయాయి. జట్టంతా రోజూ దిగి చూసొచ్చారు. మేము గది దాటలేదు. నేను పాదాన్ని దిండ్ల మీద ఎత్తి పెట్టాను, కట్టు మార్చాను, షుగర్ చూశాను, ఇన్సులిన్ వేశాను, మళ్ళీ కట్టు విప్పి చూశాను. విప్పొద్దని డాక్టరు చెప్పినా ఆగలేకపోయాను. మొదట ఎర్రగా ఉన్నది తర్వాత ఊదా రంగైంది. చిటికెన వేలు, దాని పక్క వేలు చివర్లు నల్లబడ్డాయి. రెండో రోజు సాయంత్రం గదిలో వాసన మొదలైంది. అమ్మ అగరొత్తి వెలిగించబోతే పొగ గంట మోగుతుందని ఆపాను. పలమనేరాయన భార్య ఒక పూట తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, "ఏమన్నా కావాలంటే చెప్పు నాయనా" అంది. ఆమెకూ వాసన తెలిసింది.

నాయనకు జ్వరం వచ్చింది. అయినా పాదం గురించి ఒక్క మాట అనలేదు. అనడానికి అక్కడి నుంచి ఆయనకు కబురేదీ రావడం లేదు. అంతకన్నా భయపెట్టిన సంగతి నాకు మరొకటి లేదు. ఏడ్చినా, అరిచినా బాగుండుననిపించింది. ఆయన పడుకుని, డీలోస్‌లో ఎంత చల్లగా ఉన్నదీ అమ్మకు మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ఏథెన్స్ నుంచి విమానం, చక్రాల కుర్చీ, చెన్నై, అక్కడి నుంచి కారు. పుత్తూరు దాటాక కొండ వరుస కనిపించగానే నాయన సీట్లో కాస్త లేచి దండం పెట్టాడు. కారును ఇంటికి పోనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

సర్జనమ్మ కట్టు విప్పి, ఎక్కువ సేపు చూడలేదు. విషం వేళ్ళలోంచి పాదంలోకి పోతోందంది. చచ్చిన వేళ్ళు ఈ రోజే తీసేస్తే పాదం నిలుస్తుంది. ఆలస్యమైతే చీలమండ దాకా, ఆపైన మోకాలి కింద దాకా తీయాల్సి రావొచ్చు. ఇదంతా నాయన ముందే, తెలుగులోనే, మెల్లగా చెప్పింది. ఏ వేళ్ళన్నది లోపల చూశాకే తెలుస్తుందంది.

నాయన విన్నాడు. "నాలుగు దినాలు ఆగండమ్మా," అన్నాడు.

"ఆగితే కాలు పోతుంది సార్."

"డీలోస్‌లో కాలనియ్యనోడు ఈడ పోనిస్తాడా?"

ఆమె నా వైపు చూసి బయటికి వెళ్ళింది. నన్ను చెప్పమని ఆ చూపుకు అర్థం. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ. వరండాలో ఎవరో క్యారియరు విప్పిన చప్పుడు, సాంబారు వాసన.

చెప్పాల్సింది ఒకటే అని నాకు తెలుసు. అది తప్ప ఏది చెప్పినా ఆయన ఒప్పుకోడు. అది చెప్తే ఏం పోతుందో కూడా తెలుసు. ఇన్నాళ్ళూ ఆ నమ్మకాన్ని పట్టుకునే ఆ మనిషి ఎండలో నడిచాడు.

"నాయనా, డీలోస్‌లో చల్లగా లేదు. నేను చెయ్యి పెట్టి చూశాను. పెనంలా ఉంది."

"నాకు సల్లగా ఉన్నింది."

"నీ కాలికి తెలీలేదు. షుగర్ వల్ల నరాలు చచ్చిపోయినాయి. ఓడలో డాక్టరు దారంతో గుచ్చినాడు. అన్ని చోట్లా గుచ్చినాడు. నీకు ఒక్కటీ తెలీలేదు. మొదలుపెట్టలేదనుకున్నావు."

నాయన నా ముఖం చూశాడు. తర్వాత అమ్మ ముఖం చూశాడు. అమ్మ తల వంచుకుంది. ఓడ డాక్టరు గదిలో ఆమె కూడా ఉన్నది కదా.

"అయితే," అన్నాడు, "కొండ మీద కూడా ఇదేనా?"

కాదని చెప్పొచ్చు. అక్కడ వేరు, ఇక్కడ వేరు అనొచ్చు. ఆ మాట నా నాలుక దాకా వచ్చింది. కానీ అంత చిన్న సందు ఇచ్చినా ఆయన అందులో కూర్చుని నాలుగు రోజులు ఆగుతాడు.

"అదే నాయనా."

"ఎన్నేండ్లుగా?"

"ఆరేడేళ్ళు ఉండొచ్చంట."

ఆయన లెక్క వేసుకుంటున్నట్టు పైకప్పు చూశాడు. ఆరేడేళ్ళ ఎండాకాలాలు, మాడవీధులు, పెళ్ళిళ్ళలో చెప్పుకున్న కబుర్లు. "అంతకు ముందు కాల్తా ఉన్నింది," అన్నాడు. "బాగా కాల్తా ఉన్నింది. నేనూ అందరి మాదిరి గెంతుకుంటా పోతా ఉంటి."

అమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన వద్దనలేదు, పట్టుకోనూ లేదు.

"తీసకరా ఆ కాగితం," అన్నాడు.

ఏ కాగితం మీద సంతకం చేసినా ముందు గోవిందా అనడం ఆయన అలవాటు. జీతం పట్టీ మీద, బ్యాంకులో, నా మార్కుల కార్డు మీద కూడా. ఆ రోజు అనకుండా పెట్టాడు. పెన్ను నాకిచ్చి గోడ వైపు తిరిగాడు.

లోపలికి తీసుకెళ్ళాక నేనూ అమ్మా బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ ఒకే ఒక మాట అంది. "ఆ పాఠం నేను చెప్పకుండా ఉండాల్సింది." ఏ పాఠమని నేను అడగలేదు. ఆమె కూడా దేవుణ్ణి పిలవలేదు. మేము ఎదురుగా ఉన్న తలుపును చూస్తూ ఉన్నాం. పాదం నిలిస్తే చాలు అనుకున్నాను, ఎవరితో అన్నానో తెలియదు. తర్వాత అదే మాట మళ్ళీ అనుకున్నాను.

సర్జనమ్మ బయటికి వచ్చి ముఖం మీది మాస్కు కిందికి లాగింది. పాదం నిలిచిందని చెప్పింది. చిటికెన వేలూ, దాని పక్కదే కాదు, బొటనవేలు కూడా తీయాల్సి వచ్చిందట.

ఎడమ పాదానికి రెండు వేళ్ళు ఉన్నాయి.